ఒక్కపొద్దు నోరు

ఆదివారం పొద్దున పదకొండు లోపు నేను చేయాల్సిన పనులు ఇవి:

వంటగది నుంచి వచ్చిన గిన్నెలు తూచి, బిర్యానీ చల్లారలేదని చూసుకోవాలి.
పై గదిలో పన్నెండు పడక కుర్చీలు తుడిచి, ఒక్కో దాని మీద ఒక్కో పట్టీ పెట్టాలి.
సభ్యులు రాగానే బరువు చూడాలి. తగ్గినవాళ్లకు చప్పట్లు కొట్టాలి. ఇది కూడా రాసే ఉంది.
కింది గదిలో మా చిన్నమ్మ మెడకు పట్టీ అతికించాలి.
ఆమె వేలు పొడిచి షుగర్ ఎంతుందో రిజిస్టర్‌లో రాయాలి.
ఉమ్మడానికి స్టీలు బేసిన్ పెట్టాలి. జూన్ నుంచి ఈ పని కొట్టేశారు.

ఇవన్నీ నేను చేశాను. ఒక్క ఆదివారం కూడా ఒక్కటీ వదల్లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం కాబట్టి ముందే చెప్తున్నాను.

నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. శామీర్‌పేట రోడ్డులో ‘తృప్తి’ అనే ల్యాబ్‌లో చేరిన రోజున డాక్టర్ హరనాథ్ నా చెవి కింద తపాలా బిళ్లంత పట్టీ ఒకటి అతికించి, తనూ ఒకటి అతికించుకుని, పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత నా నోట్లో ఏమీ లేకుండానే నాలుక భగ్గుమంది. శనగపిండి, వాము, దాని లోపల మిరపకాయ. గొంతులోంచి వేడిగా దిగి కడుపులో కూర్చుంది. కళ్ల నీళ్లు తుడుచుకుంటుంటే ఆయన తలుపు తీసి, సగం కొరికిన మిర్చి బజ్జీ చూపించారు.

“ఎలా ఉంది మంజులా?”

“కారం సార్.”

“నువ్వు తిన్నావా?”

“లేదు సార్.”

“అదే మన పని,” అన్నారు.

నాలుక, గొంతు, కడుపు మెదడుకు చెప్పే మాటల్ని ఒకరి పట్టీ వింటుంది. ఇంకొకరి పట్టీ అవే మాటలు వాళ్ల మెదడుకు చెప్తుంది. తినేది ఒకరు, తిన్నట్టయ్యేది ఇంకొకరికి. లావయ్యేది మాత్రం తిన్నవాళ్లే.

దీంతో ఎన్ని మంచి పనులు చేయొచ్చో నేను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. గొంతు ఆపరేషన్ అయి ముద్ద మింగలేనివాళ్లకు, నాలుక చచ్చిపోయిన ముసలివాళ్లకు. డాక్టర్ గారు ఆ కాగితం చూసి, “తర్వాత తప్పకుండా,” అన్నారు. ముందు మాత్రం బరువు తగ్గేవాళ్లు వచ్చారు.

మా సభ్యులు ఆరు రోజులు ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు తింటారు. తింటున్నామని ఆరు రోజులూ అందరికీ చెప్తారు. ఏడో రోజు తినేదానికి ఒక పేరు పెట్టుకున్నారు, చీట్ డే అని. అంటే మోసం రోజు. పొలంలో పని లేక ఒక పూట తిన్నవాళ్లను చూశాను, దేవుడి పేరున ఒక పూట తిన్నవాళ్లను చూశాను. మోసానికి వారం ముందే రోజు ఖాయం చేసుకుని, దానికి కొత్త బట్టలేసుకుని వచ్చేవాళ్లను ఇక్కడే చూశాను.

ఉజ్వల గారు వీళ్లలో పెద్ద తలకాయ. ఒక కంపెనీలో మనుషుల్ని తీసుకునే, తీసేసే విభాగం ఆమె చేతిలో ఉంది. చేరిన రోజు తన పాత ఆదివారాల గురించి ఆమే చెప్పింది.

“శనివారమే లిస్టు రాసుకునేదాన్నమ్మా. పొద్దున్నే ఇడ్లీ వడతో మొదలు. పది దాటేసరికి పూరీ. మధ్యాహ్నం బిర్యానీ తిని, అరగడానికి ఒక సోడా తాగి, మళ్లీ కేకు. ఆకలి ఉండేది కాదు. రోజు అయిపోతోందే అని తినేదాన్ని. సోమవారం బరువు చూసుకుని ఏడ్చేదాన్ని.”

“ఇప్పుడు?” అన్నాను, ఫారంలో ఆ ప్రశ్న ఉంది కాబట్టి.

“ఇప్పుడు నా బదులు ఇంకొకళ్లు తింటారు కదా. నాకు పాపం అంటదు.”

ఆ మాట నేను ఫారంలో రాశాను. ఆమె చదువుకుని సంతకం పెట్టింది.

మొదట్లో తినడానికి కాలేజీ అమ్మాయిల్ని పెట్టారు. నమలాలి, రుచి పోగానే బేసిన్‌లో ఉమ్మాలి. వాళ్లు ఫోన్ చూసుకుంటూ నమిలేవాళ్లు. పైన సభ్యులు పదికి నాలుగు మార్కులు, అయిదు మార్కులు వేసేవాళ్లు. ‘ఏదో తిన్నట్టుంది, అంతే’ అని ఫిర్యాదు. అలాంటి రోజుల్లో నేను మా చిన్నమ్మ గురించి డాక్టర్ గారికి చెప్పాను.

మా చిన్నమ్మ పేరు బాలకిష్టమ్మ. మా అమ్మకు చెల్లెలు. పెబ్బేరు దగ్గర మా ఊరి బడిలో పదకొండేళ్లు పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండింది. చిన్నాయన పోయాడు, పిల్లల్లేరు. అల్వాల్‌లో నేను గది తీసుకున్నాక, ఒక్కదాన్ని ఏం తింటానోనని వచ్చేసింది. మూతలోంచి వచ్చే ఆవిరి చూసి పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పగల మనిషి.

“ఆదివారం మా ఆఫీసుకు వస్తవా చిన్నమ్మా? తినే పని ఉన్నది.”

“తినుడు గూడ పనేనా?”

“పనే. నువ్వు తింటే పైన పన్నెండు మందికి కడుపు నిండుతది.”

“వాళ్లకు చేతులు లెవ్వా?”

“ఉన్నయ్. బరువు తగ్గాలెనని తినరు.”

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. “ఎవరన్న ఇంటె మనను పిచ్చోళ్లనుకుంటరు బిడ్డ,” అంది. ఆదివారం తలస్నానం చేసి బయల్దేరింది.

మొదటి ముద్ద బిర్యానీ నమిలాక బేసిన్ చూపించాను.

“ఉమ్మాలె చిన్నమ్మా.”

“ఎందుకు? రాయి ఏం రాలేదు.”

“అన్నం ఉమ్మేయాలె. రూలు అది.”

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. ముద్ద మింగింది. “అన్నం ఉమ్మమని చెప్పెటందుకా నిన్ను గంత సదివిపిచ్చింది?” అని బేసిన్‌ను కాలితో బల్ల కిందికి నెట్టింది. కళ్లు మూసుకుని రెండో ముద్ద కలుపుకుంది.

అప్పుడే పైనుంచి ఏ చప్పుడూ రాకపోవడం గమనించాను. మెట్లెక్కి చూస్తే పన్నెండు మందీ కళ్లు మూసుకుని ఉన్నారు. ఉజ్వల గారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. “చిన్నప్పుడు మా అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్ద ఇది,” అంది. ఆమె ఒంట్లోకి గింజ కూడా పోలేదు. పదికి తొమ్మిది కంటే తక్కువ మార్కులు ఎవరూ వేయలేదు.

“ఎందుకు?” అని డాక్టర్ గారు నన్నడిగారు. “అదే బిర్యానీ, అదే పట్టీ. ఈ నోట్లో ఏముంది? కనుక్కుని రాయి.”

నేను కనుక్కుని రాశాను. నా పేరుతో నేను రాసిన మొదటి రిపోర్టు అది. ఇంటికి తెచ్చి మూడు సార్లు దిద్దుకున్నాను. రెండు కారణాలు రాశాను. ఒకటి, ఆమె ఉమ్మదు, మింగుతుంది కాబట్టి కడుపు నిండిన తృప్తి కూడా పైకి చేరుతోంది. రెండోది, ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆంజనేయస్వామి పేరున పగలంతా ఏమీ ముట్టదు, పొద్దు మునిగాక దీపం పెట్టి ఒక అరటిపండు, గ్లాసెడు పాలు. ఆదివారం తినే మొదటి ముద్దలో ఆ ఆకలి ఉంటుంది. సభ్యులకు అందుతున్నది బిర్యానీ రుచి ఒక్కటే కాదు, ఆకలిగొన్న మనిషికి అన్నం దొరికిన రుచి. ఇరవై ఏళ్లుగా ఆకలి అంటే ఏమిటో మరిచిపోయినవాళ్లకు అది కొత్తగా ఉంది.

డాక్టర్ గారు చదివి, “గొప్ప పరిశీలన,” అన్నారు. జూన్ ఒకటి నుంచి అది రూలు అయింది. బేసిన్ తీసేశారు. శనివారం మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదని కాగితం అచ్చు వేశారు. అరటిపండూ పాలూ పోయాయి.

“నా ఒక్కపొద్దు కాగితంల ఎక్కిందా?” అంది చిన్నమ్మ, ఇంట్లో కూరగాయలు తరుగుతూ. “ఎవరు చెప్పిన్రు వాళ్లకు?”

“నేనే రాసిన.”

“మంచిది తీ. ఒక్క పొయ్యి మీద రెండు గిన్నెలు. దేవునికీ అదే, నీ డాక్టర్‌కూ అదే.”

ఆదివారం ఏం తినాలో సభ్యులు శుక్రవారం ఓట్లు వేసేవాళ్లు. పదకొండుకు ఒక పంక్తి, ఒంటిగంటకు ఒకటి, నాలుగుకు ఒకటి. మూడు పంక్తులూ చిన్నమ్మే తినాలి. జిలేబీ, డబుల్ కా మీఠా, వెన్న కారే రొట్టెలు, ఐస్‌క్రీమ్. ఒకసారి పిజ్జా గెలిచింది. మీద సాగే ఆ చీజ్ నోట్లో పెట్టుకుని చిన్నమ్మ, “సబ్బు లెక్కున్నది,” అని మొహం చిట్లించింది. పైన పన్నెండు మొహాలూ చిట్లిపోయాయి. ఆ తర్వాత నెల రోజులు ఎవరూ పిజ్జాకు ఓటు వేయలేదు. నేను ఆ ల్యాబ్‌లో మనసారా నవ్వింది ఆ ఒక్కరోజే.

రిజిస్టర్‌లో అంకెలు నవ్వేలా లేవు. మేలో ఆమె పరగడుపు షుగర్ తొంభై ఆరు. జూలైలో నూట ముప్పై. ఆగస్టుకు నూట తొంభై. మూడో పంక్తి అయ్యాక మూడు వందల ఎనభై. ఒక రోజంతా ఎండబెట్టిన కడుపులోకి ఏడెనిమిది మంది తినే తీపి ఒక్క రోజులో దించితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. చెప్పు కొరికిన చోట కాలి మీద పుండు పడి మానలేదు. ఇంట్లో దాహం తీరక నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని కూర్చునేది.

“సరిపోయింది, ఇంక మానెయ్ చిన్నమ్మా,” అన్నాను.

“ఊళ్లె రెండు వందల మంది పిల్లలకు వండిన. వాళ్లు తింటాంటె నా కడుపు నిండేది. ఇప్పుడు నేను తింటె వీళ్లది నిండుతున్నది. గంతే గదా బిడ్డ,” అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, “ఆ ఉజ్వలమ్మ ఏడ్సిందంటివి గదా. నా బువ్వ తిని ఇంతవరకు ఎవరూ ఏడ్వలె. బాగలేక ఏడ్సిన పోరగాండ్లు తప్ప.”

నేను డాక్టర్ గారి దగ్గరికి రిజిస్టర్ తీసుకెళ్లాను. ఉత్త చేతులతో పోలేదు. చిన్నమ్మ మొదటి ఆదివారం మూడు పంక్తులూ మా దగ్గర రికార్డు అయి ఉన్నాయి. అంతకు ముందు వారం సభ్యులకు చెప్పకుండా ఒక పంక్తిలో ఆ రికార్డింగు పంపించి చూశాను. తొమ్మిదిన్నర మార్కులు వేశారు. ఒక్కరికీ తేడా తెలియలేదు.

“ఆమె మళ్లీ తినాల్సిన అవసరమే లేదు సార్,” అన్నాను.

ఆయన అంకెలు చూసి సంతోషించారు. కానీ సభ్యుల్ని అడగాలన్నారు. ఆ శుక్రవారం సభ్యుల సమావేశం పెట్టారు. ముందు రికార్డింగు సంగతి చెప్పారు, తేడా తెలియలేదన్నది మాత్రం చెప్పలేదు.

ఉజ్వల గారు ముక్కు చిట్లించింది. “రికార్డింగా? ఫ్రిజ్‌లోంచి తీసిన కూరలాగా ఉంటుంది. ఆ క్షణంలో కింద ఎవరో తింటున్నారంటేనే నాకు తిన్నట్టుంటుంది.”

అందరూ తలలూపారు. వీళ్లకు కావాల్సింది రుచి కాదని అప్పుడు నాకు అర్థమైంది. రుచి ఒక్కటే అయితే డబ్బాలో కూడా దొరుకుతుంది. తమ బదులు ఒక మనిషి లావవుతోందన్న నమ్మకం కావాలి వాళ్లకు.

సత్యమూర్తి గారని రిటైరైన పెద్దాయన ఒకరు చేయెత్తారు. చాలా మర్యాదస్తులు. “ఈ మధ్య మొదటి ముద్దలో ఆ ఊపు తగ్గింది. ఆవిడను శుక్రవారం నుంచే ఉపవాసం ఉండమంటే ఎలా ఉంటుంది? ఆవిడకు ఇబ్బంది లేకపోతేనే సుమా.”

“ఆవిడకు అలవాటే కదా,” అంది ఉజ్వల గారు. “మేమూ ఉంటున్నాం కదా ఆరేసి రోజులు.”

ఆ ఆరు రోజులూ సొరకాయతో పాటు ఆమె బాదం పప్పులు, రెండు గుడ్లు, సాయంత్రం పండ్ల గిన్నె తింటుందని ఆమె డైట్ చార్టులోనే ఉంది. నేను లేచి చిన్నమ్మ షుగర్ అంకెలు చదివాను. సత్యమూర్తి గారు “అయ్యో,” అన్నారు. తర్వాత ఓటింగ్ పెట్టారు. పన్నెండు చేతులూ లేచాయి. చప్పట్లు కొట్టడం నా పని కాబట్టి డాక్టర్ గారు నా వైపు చూశారు. ఆ ఒక్కసారి నేను కొట్టలేదు. అంతకు మించి నేనేమీ చేయలేదు. చిన్నమ్మ ఆ రాత్రి నుంచే అన్నం ముట్టలేదు.

మర్నాడు, శనివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గదిలో దీపం లేదు. స్వామి పటం ముందు ప్రమిద ఖాళీగా ఉంది. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు పగిలి ఉన్నాయి.

“దీపం పెట్టలేదేంది చిన్నమ్మా?”

“ఒక్కపొద్దు ఉంటే పెడత. ఇది ఒక్కపొద్దు కాదు బిడ్డ, పస్తు. ఎవరో ఉండమంటె ఉంటున్న. పస్తున్నోళ్లు దీపం పెట్టి, దేవుడా నీ కోసమే అంటె నవ్వడా ఆయన?”

“అయితే రేపు పోవద్దు. నేను చెప్త వాళ్లకు.”

“ఓట్లేసుకున్నరంట గదా. గిన్నెలు దిగుతయ్, పన్నెండు మంది వచ్చి కూసుంటరు. పంక్తి కూసున్నంక వంటమనిషి లేసి పోదు, మంజుల. రేపొక్కటి. ఎల్లుండి నుంచి ఇంటిదగ్గరనే ఉంట. నీకు జొన్నరొట్టె చేసి ఎన్ని రోజులాయె.”

నేను ఒప్పుకున్నాను. షుగర్ మూడు వందలు దాటితే మాత్రం ఆపేస్తానని మనసులో అనుకున్నాను. నాకు అలా అంకె పెట్టుకోవడం అలవాటు. అంకె ఉంటే ధైర్యం నేను తెచ్చుకోనక్కర్లేదు, అదే తెస్తుందనుకునేదాన్ని.

పొద్దున మూడు వందల పన్నెండు వచ్చింది. రాశాను. రిజిస్టర్ పట్టుకుని మెట్లెక్కాను.

“పైన అందరూ పడుకుని ఉన్నారు మంజులా,” అన్నారు డాక్టర్ గారు. “మొదటి పంక్తి కానివ్వు. తర్వాత చూద్దాం.”

చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందని బడిలోనూ కాలేజీలోనూ నాకు పేరు. కిందికి వచ్చి చిన్నమ్మ మెడ మీద చెమట తుడిచి, పట్టీ అతికించాను.

మొదటి పంక్తి అయింది. పదికి పది వేశారు. రెండో పంక్తిలో సొరకాయతోనే చేసే పాయసం, కద్దూ కీ ఖీర్, దాంతో జిలేబీ. చిన్నమ్మ ఊపిరి పైపైన తీస్తోంది. “నీళ్లు,” అంది. ఇచ్చాను. మళ్లీ “నీళ్లు,” అంది. జిలేబీ ముక్క నోట్లో పెట్టుకుంది. నమలలేదు. కళ్లు నా మీదే ఉన్నాయి గానీ చూపు లేదు. ముక్క పెదవుల మీదికి జారింది. చిన్నమ్మ నోట్లోంచి తిండి బయటికి రావడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అదే సమయానికి గోడ మీద గంట మోగింది. సభ్యులకు ఏదైనా తేడాగా ఉంటే నొక్కడానికి కుర్చీకొక మీట ఉంటుంది. ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఏడు ఎర్ర దీపాలు వెలిగాయి. మైకులోంచి ఎవరిదో గొంతు వచ్చింది. “చప్పగా ఉందమ్మా. ఏమీ తెలియట్లేదు.”

నేను పట్టీ పీకేశాను. పీకడానికి ఒక క్షణం కూడా పట్టలేదు. ఆ పని ఏ ఆదివారమైనా చేయగలిగేదాన్ని.

అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే ఉజ్వల గారు వాకిట్లోకి వచ్చింది. స్ట్రెచర్ చూసింది, చూడనట్టు నా వైపు తిరిగింది. “మంజులా, ఇవాళ సగంలో ఆగిపోయింది కదా. మాకు బదులుగా ఇంకో రోజు ఇస్తారా?”

చిన్నమ్మ మంగళవారం పోయింది. ఆసుపత్రి కాగితంలో షుగర్ అని రాశారు. అది అబద్ధం కాదు. షుగర్ ఎవరిదో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఊళ్లో కర్మకాండ ముగించుకుని వచ్చి, రాజీనామా ఇవ్వడానికి ఆదివారమే వెళ్లాను. గోడ మీద పనుల పట్టిక మారింది. వేలు పొడిచే పని లేదు. ‘రికార్డింగు పెట్టాలి’ అని ఉంది, దాని కింద ‘లైవ్ బోర్డు వెలిగించాలి’ అని ఉంది. కింది గది ఖాళీ. పెట్టింది మొదటి ఆదివారం రికార్డింగు. అరటిపండూ పాలూ తీసుకుని, దీపం పెట్టుకుని, ఎవరూ చెప్పకుండా ఒక్కపొద్దు ఉండి వచ్చిన ఆదివారం.

పై గదిలో ఉజ్వల గారు కళ్లు తుడుచుకుంటూ లేచింది. మూడున్నర కిలోలు తగ్గింది, మొహం కళగా ఉంది. నన్ను గుర్తుపట్టి, గొంతు తగ్గించి రహస్యం చెప్తున్నట్టు అంది.

“ఏమీ అనుకోకమ్మా, పాతావిడ కంటే ఈ కొత్తావిడే నయం. ఎంత బాగా తింటోందో.”

ఆమెకు నిజం చెప్పాను. ఒకే నోరని, ఆ మనిషి లేదని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకోవడం ఆపింది. “రికార్డింగ్ అయితే మాకు లైవ్ అని ఎందుకు చెప్తున్నారు? ఇది మోసం కదా,” అంది. ఆ రోజే ఫిర్యాదు రాసి ఇచ్చింది. ఆ ఫిర్యాదులో చిన్నమ్మ మాట లేదు.

ఇప్పుడు ఆ పట్టీలు చాలా ఊళ్లలో దొరుకుతున్నాయి. రికార్డింగులని ఒప్పుకునే అమ్ముతున్నారు. వాటికి తిన్నవాళ్ల పేర్లు లేవు, నంబర్లే. నాలుగో నంబరు నోరు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోతోందట. ఇది చదివేవాళ్లలో దాన్ని పెట్టుకునేవాళ్లు ఉంటారు. మానమని చెప్పను, మీరు మానరు. ఒక్కటే అడుగుతున్నాను. మొదటి ముద్ద దిగేటప్పుడు, రుచి కంటే ముందు కడుపులో ఒక ఆకలి కదులుతుంది. చాలా మంచి ఆకలి, ఎవరి మీదా కోపం లేని ఆకలి. అది మీది కాదు. రెండు వందల మంది పిల్లలకు అన్నం వండిన బాలకిష్టమ్మది. ఆ ముద్ద మింగే లోపు ఆమెను ఒక్కసారి పేరు పెట్టి గుర్తు చేసుకోండి.